కుక్కపిల్ల ఆగకుండా గోక్కుంటోందా? కారణం పట్టుకునే పద్ధతి

మా మల్లిని రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం. మా వీధి చివర సగంలో ఆగిపోయిన ఇంట్లో పుట్టిన నాలుగు పిల్లల్లో అదొకటి. వచ్చిన పది రోజులకే గోక్కోవడం మొదలుపెట్టింది. అన్నం తింటూ ఆగి గోక్కునేది. ఆడుకుంటూ కూలబడి గోక్కునేది. రాత్రి రెండు గంటలప్పుడు దాని వెనక కాలు నేలకేసి టకటకా కొట్టుకునే చప్పుడుకు ఇంటిల్లిపాదీ లేచేవాళ్ళం. నేను మొదట షాంపూ మార్చాను. తర్వాత తిండి మార్చాను. చికెన్ మానేసి గుడ్డు, గుడ్డు మానేసి పెరుగన్నం. ఇలా ఐదు వారాలు గడిచాయి. ఈలోగా దాని మోచేతుల మీద బొచ్చు ఊడిపోయి, చర్మం మందమై ముడతలు పడింది. ఒకరోజు మా అమ్మ తన ముంజేతులు చూపించి, "దీన్ని ఎత్తుకున్న చోటల్లా నాకూ పొక్కులొస్తున్నాయే, చూడు" అంది. డాక్టర్‌గారు మల్లి కంటే ముందు మా అమ్మ చేతులు చూసి, ఇది గజ్జి అన్నారు.

తిండికి ఏ సంబంధమూ లేదు. ఆ ఐదు వారాలూ ఆ పసిదాన్ని ఊరికే బాధపెట్టాను. కారణం వెతకడానికి ఒక వరస ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. ఆ వరస ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. ముందు ఒంటి మీది పురుగులు, తర్వాత చర్మంలో ఇన్ఫెక్షన్, ఆ తర్వాతే అలర్జీలు. చాలామంది నాలాగే దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు.

ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన సందర్భాలు

మూతి, కళ్ళ చుట్టూ ఒక్కసారిగా వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా అది తేనెటీగ కుట్టడం వల్లో, వేసిన టీకా పడకో కావచ్చు. ఒక్క గంట కూడా ఆగొద్దు. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. గులాబీ రంగులో ఉండాల్సినవి తెల్లగా పాలిపోయి ఉంటే పిడుదులో, ఫ్లీస్ అనే ఎగిరే పేలలాంటి పురుగులో రక్తం పీల్చేసి ఉండొచ్చు. చిన్న కుక్కపిల్లలకు ఇది ప్రాణం మీదికి వస్తుంది. జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు కనిపిస్తే పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అనుమానించాలి. చర్మం నుంచి చీము, దుర్వాసన వస్తున్నా ఆ రోజే వెళ్ళండి.

ఇవేవీ లేకపోతే కిందివన్నీ నిదానంగా చేసుకోవచ్చు.

మొదటి అడుగు: మూడు రోజులు ఏమీ మార్చకుండా చూడండి

ప్రతి కుక్కా రోజుకు కొన్నిసార్లు గోక్కుంటుంది. అది మామూలే. నిద్రలోంచి లేచి గోక్కుంటే, తిండీ ఆటా వదిలేసి గోక్కుంటే, ఒకే చోట తడిసిపోయేదాకా నాక్కుంటే అది దురద. తెల్ల బొచ్చు కుక్కలైతే ఎక్కువగా నాక్కున్న చోట ఉమ్మి వల్ల బొచ్చు తుప్పు రంగుకు మారుతుంది. మీరు చూడనప్పుడు ఎంత నాక్కుందో ఆ మరక చెప్పేస్తుంది.

ఒక పాత నోట్‌బుక్ తీసుకుని రోజూ రాత్రి ఒక అంకె రాయండి. 0 అంటే దురదే లేదు, 10 అంటే నిద్ర కూడా లేదు. అంకె పక్కన నాలుగు సంగతులు రాయండి: ఎక్కడ గోక్కుంది, ఎప్పుడు ఎక్కువగా ఉంది, ఆ రోజు ఏం తింది, ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉందా. నాలుగోది తప్పకుండా అడగండి. మనుషులు దోమ కుట్టిందనుకుని ఊరుకుంటారు, మా అమ్మ కూడా రెండు వారాలు అలాగే అనుకుంది.

పిల్ల వయసు కూడా పైన రాసి పెట్టండి. నాలుగు నెలలలోపు పిల్ల విపరీతంగా గోక్కుంటుంటే ముందు పురుగుల్నే అనుమానించాలి. గాలిలోని దుమ్ము, పుప్పొడి లాంటివాటి వల్ల వచ్చే అలర్జీ సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ళ మధ్య బయటపడుతుంది. తిండి అలర్జీ మాత్రం ఏడాదిలోపు పిల్లల్లోనూ రావచ్చు.

రెండో అడుగు: ఒంటి మీద ఎక్కడ?

పిల్లను వెలుతురున్న చోట ఒళ్ళో పడుకోబెట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ, ముక్కు నుంచి తోక దాకా బొచ్చు పక్కకు తీస్తూ చూడండి. పది నిమిషాల పని. కారణాన్ని సగం ఇక్కడే పట్టుకోవచ్చు.

నడుము వెనక భాగం, తోక మొదలు, వెనక తొడల లోపలి వైపు కొరుక్కుంటుంటే మొదటి అనుమానం ఫ్లీస్ మీద. ఇవి పేలలాంటివే, కానీ పక్కలకు నొక్కినట్టు సన్నగా ఉండి ఎగురుతాయి. బొచ్చు పక్కకు తీయగానే పారిపోతాయి కాబట్టి కంటికి కనిపించకపోవచ్చు.

చెవి అంచులు, మోచేతులు, వెనక కాళ్ళ మడమలు, పొట్ట కింద దురదగా ఉండి, పొట్టు కట్టి బొచ్చు ఊడుతుంటే అది గజ్జి పద్ధతి. దీనికి ఇంట్లోనే చేసుకునే చిన్న పరీక్ష ఒకటి ఉంది. చెవి అంచును మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, మడిచి, ఐదారు సెకన్లు మెల్లగా రుద్దండి. పిల్ల వెనక కాలు దానంతటదే గాల్లో గోకుతున్నట్టు ఆడితే గజ్జి అనుమానం బలపడుతుంది. మల్లికి డాక్టర్‌గారు ఇలా చేయగానే కాలు ఫ్యాన్ రెక్కలా కొట్టుకుంది. ఇది ఖాయంగా తేల్చే పరీక్ష కాదు, కానీ డాక్టర్‌కు చెప్పాల్సిన సంగతే.

పాదాలు, చంకలు, మూతి, చెవుల లోపల, గజ్జల్లో దురద ఉంటే అలర్జీల వైపు ఆలోచించాలి. ఒకే ఒక్క పాదం నాక్కుంటుంటే మాత్రం అలర్జీ సంగతి వదిలేసి వేళ్ళ సందుల్లో టార్చి వేసి చూడండి. ఖాళీ స్థలాల్లో తిరిగే పిల్లలకు పల్లేరు ముల్లో, సూదిలాంటి గడ్డి మొనో గుచ్చుకుని లోపలికి దిగిపోతుంది. పైకి చిన్న వాపు, మధ్యలో తడి చుక్క మాత్రమే కనిపిస్తాయి. లోతుగా దిగినదాన్ని మీరు కెలకొద్దు, డాక్టర్ తీస్తారు.

కళ్ళ చుట్టూ, మూతి పక్కన, ముందు కాళ్ళ మీద చిన్న చిన్న మచ్చల్లా బొచ్చు ఊడిపోయి, దురద పెద్దగా లేకపోతే అది డెమోడెక్స్ అనే మరో రకం పురుగు. ఇది తల్లి నుంచి పుట్టిన కొత్తలోనే పిల్లకు వస్తుంది. మనకు అంటదు. రెండు మూడు మచ్చలుంటే చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పాకుతుంటే మాత్రం వైద్యం కావాలి. గుండ్రంగా బొచ్చు రాలి అంచు పొట్టు లేస్తుంటే తామర కావచ్చు. ఇది ఇంట్లో మనుషులకు కూడా అంటుకుంటుంది కాబట్టి తేలేదాకా పక్క మీద పడుకోనివ్వొద్దు.

చెవిలో కాఫీ పొడిలాంటి నల్లటి గులిమి ఉంటే చెవి పురుగులు. వీపు మీద చుండ్రు రాలుతూ, అది కదులుతున్నట్టు అనిపిస్తే అదీ పురుగే. వెనక భాగం నేలకేసి ఈడ్చుకుంటుంటే ఆసనం పక్క గ్రంథులు నిండి ఉండొచ్చు, లేదా నులిపురుగులు ఉండొచ్చు. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దె పురుగు ముక్కలు. ఆ పురుగు ఫ్లీస్‌ను మింగడం వల్లే వస్తుంది కాబట్టి మళ్ళీ ఫ్లీస్ దగ్గరికే వెళ్ళాలి.

మూడో అడుగు: పేల దువ్వెన, తడి కాగితం

తెల్ల టిష్యూ పేపర్ తడిపి నేల మీద పరిచి, దాని మీద పిల్లను నిలబెట్టండి. తోక మొదలు నుంచి నడుము దాకా పేల దువ్వెనతో చర్మానికి ఆనించి దువ్వండి. దువ్వెనలో వచ్చిన నల్లటి రవ్వల్ని తడి కాగితం మీద దులిపి ఒక నిమిషం ఆగండి. మట్టి అయితే మట్టిగానే ఉంటుంది. ఆ రవ్వ చుట్టూ ఎర్రటి గోధుమరంగు వలయం పాకితే అది ఫ్లీస్ మలం, అంటే అరిగిన రక్తం. పురుగు కనిపించకపోయినా ఇది చాలు.

బొచ్చుకు అంటుకుని దులిపినా రాని తెల్ల గుడ్లుంటే పేలు. కుక్క పేలు మనిషి తలలో బతకవు, ఆ భయం వద్దు.

పిడుదుల్ని, మీ వైపు గోమార్లు అంటే గోమార్లనే, చెవి లోపల, మెడ పట్టీ కింద, వేళ్ళ మధ్య, చంకల్లో వెతకండి. సన్నటి మొన ఉన్న ప్లక్కర్‌తో చర్మానికి ఆనించి, మెలితిప్పకుండా, నిటారుగా లాగండి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్ల అంటించడం చేయొద్దు. పిల్ల చర్మం కాలుతుంది. వేళ్ళతో నలపొద్దు కూడా.

నాలుగో అడుగు: ఏమీ కనిపించకపోయినా పురుగులకు వైద్యం

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "మా కుక్క ఒంటి మీద ఏమీ లేవు, ఇల్లు శుభ్రంగా ఉంటుంది" అంటారు. ఫ్లీస్ సంఖ్యలో కుక్క ఒంటి మీద ఉండే పెద్దవి ఐదు శాతం మాత్రమే. మిగిలినవన్నీ గుడ్లుగా, లార్వాలుగా, గూళ్ళలో ప్యూపాలుగా మీ పరుపులో, సోఫా సందుల్లో, డోర్‌మ్యాట్ కింద ఉంటాయి. ఒక్క ఆడ ఫ్లీ రోజుకు 40, 50 గుడ్లు పెట్టగలదు. ప్యూపాలు నెలల తరబడి గూట్లోనే ఉండి, అడుగుల అదురు తగలగానే బయటికొస్తాయి. గజ్జి పురుగైతే చర్మం లోపల సొరంగాలు తవ్వుకుని ఉంటుంది. డాక్టర్ చర్మం గీకి మైక్రోస్కోప్ కింద చూసినా చాలాసార్లు దొరకదు. మల్లికి కూడా మొదటిసారి దొరకలేదు. అందుకే లక్షణాలు సరిపోతే పరీక్షలో కనిపించకపోయినా వైద్యం చేసి చూస్తారు. తగ్గితే అదే రుజువు.

మందు ఎంచుకోవడం డాక్టర్ పని. పిల్ల బరువు ఆ రోజు తూచిన బరువే అయి ఉండాలి, నెల కిందటి బరువు పనికిరాదు. ఈ వయసులో వారం వారం మారుతుంది. అఫోక్సోలానెర్, సరోలానెర్, ఫ్లూరలానెర్ జాతి మాత్రలు ఫ్లీస్, పిడుదులతో పాటు గజ్జి, డెమోడెక్స్ పురుగుల మీద కూడా బాగా పనిచేస్తాయి. ఒక్కోదానికి కనీస వయసు, కనీస బరువు వేరుగా ఉంటాయి. పిల్లకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి, ఈ మాత్రలు అలాంటి కుక్కలకు జాగ్రత్తగా వాడాలి. మెడ మీద వేసే చుక్కల మందైతే ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం చేయించొద్దు.

పశువులకు వాడే మందు నీళ్ళలో కలిపి పిల్ల ఒంటికి రాయమని సలహాలు చెప్పేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. దయచేసి ఒద్దు. కొలత కొంచెం తప్పినా వణుకు, చొంగ, ఫిట్స్ వస్తాయి. కాలిన ఇంజిన్ ఆయిల్ పూయడం విషం పూయడమే. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాసినా పిల్ల నాకేస్తుంది, కర్పూరం కడుపులోకి వెళ్తే ప్రమాదం. పురుగులకు వేసే ఐవర్మెక్టిన్ ఇంజక్షన్ కోలీ లాంటి కొన్ని జాతులకు ప్రాణాంతకం కావచ్చు. ఇంట్లో పిల్లి కూడా ఉంటే పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కుక్క మందు ఏదీ తేవద్దు, పిల్లి చనిపోవచ్చు.

మందు ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ ఒకేసారి వేయాలి, దురద లేనివాటికి కూడా. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. సోఫా కింద, గోడ మూలలు వారానికి రెండు మూడుసార్లు ఊడ్చి లేదా వాక్యూమ్ చేసి ఆ చెత్త బయట పారేయండి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందపడి గోడ పగుళ్ళలోకి పాకి వేల గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే చోట గోడకు పగుళ్ళుంటే సిమెంట్‌తో పూడ్చండి.

ఫ్లీస్ మందు కనీసం మూడు నెలలు వరసగా వాడాలి. గజ్జికి మందు పడ్డాక దురద తగ్గడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. మధ్యలో మందు పనిచేయలేదని మార్చేయకండి. కుక్కకు నయమైతే ఇంట్లోవాళ్ళ పొక్కులు సాధారణంగా వాటంతటవే పోతాయి. పోకపోతే చర్మ డాక్టర్‌కు చూపించుకుని, కుక్కకు గజ్జి అని ముందే చెప్పండి.

ఐదో అడుగు: ఆస్పత్రిలో ఏం చేయించాలి

వెళ్ళే ముందు రెండు మూడు రోజులు స్నానం చేయించొద్దు, క్రీములు రాయొద్దు. అవన్నీ ఉంటే పరీక్షలో ఏమీ తేలదు. నోట్‌బుక్, ఫొటోలు, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు పట్టుకెళ్ళండి. గోక్కుంటున్న వీడియో ఒకటి తీసుకోండి, ఎందుకంటే టేబుల్ మీద భయంతో ఏ పిల్లా గోక్కోదు.

చర్మం గీకి చూసే పరీక్ష, టేప్ అంటించి తీసి చూసే పరీక్ష, చెవి గులిమి పరీక్ష, తామర అనుమానం ఉంటే వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం కింద చూసే పరీక్ష చేయమని అడగండి. ఇవి పెద్ద ఖర్చు కావు. ఇవి చేసే వీలు మీ దగ్గర్లో లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులున్నాయి.

పరీక్ష లేకుండా స్టెరాయిడ్ ఇంజక్షన్ వేస్తానంటే ఆగి, ఎందుకని అడగండి. దురద ఆ రాత్రికే మాయమవుతుంది, నిజమే. కానీ డెమోడెక్స్ ఉంటే అది ఒళ్ళంతా పాకుతుంది, తామర ఉంటే ముదురుతుంది, తర్వాత చేసే పరీక్షలన్నీ తప్పుతాయి. మెడికల్ షాపులో మనుషులకు ఇచ్చే దురద క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వాటికీ ఇదే మాట. దురదకు వాడే ఒక్లాసిటినిబ్ మాత్రలు ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదు.

గోకి గోకి పుండైన చోట బాక్టీరియా, ఈస్ట్ అనే ఫంగస్ చేరతాయి. జిడ్డుగా ఉండి, పాత చెప్పుల వాసన లాంటిది వస్తుంటే ఈస్ట్. ఇవి మొదటి కారణం కాకపోయినా దురదను రెండింతలు చేస్తాయి. ఇవి తగ్గేదాకా అసలు కారణం బయటపడదు. ఈ క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ ఇస్తే నురగ పట్టించి గడియారం చూసి పది నిమిషాలు ఉంచాలి. అందరూ రెండు నిమిషాలకే కడిగేస్తారు, అందుకే పనిచేయలేదంటారు. ఆ పది నిమిషాలూ మల్లికి పాట పాడుతూ పట్టుకునేదాన్ని.

ఆరో అడుగు: స్నానం, నేల

వారానికి రెండుసార్లు మనం వాడే సబ్బుతో స్నానం చేయిస్తే ఏ జబ్బూ లేని పిల్లకు కూడా చర్మం ఎండిపోయి దురద వస్తుంది. మన చర్మానికి సరిపడే సబ్బు కుక్క చర్మానికి సరిపడదు. మందు షాంపూ వాడే రోజులు తప్ప నెలకు ఒకటి రెండు స్నానాలు చాలు. కుక్కల షాంపూనే వాడి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, వేళ్ళ సందులు కూడా ఆరేలా తుడవండి.

పొట్ట కింద, పాదాలకు మాత్రమే ఎరుపు ఉంటే నేల తుడిచే ఫినాయిల్‌ను అనుమానించండి. రెండు వారాలు వట్టి నీళ్ళతో తుడిచి, నోట్‌బుక్‌లో అంకె తగ్గిందేమో చూడండి. బయట తిరిగొచ్చాక పాదాలు కడిగి తుడవడం ఏ కారణానికైనా మేలే.

ఏడో అడుగు: తిండి, అన్నిటి తర్వాత

పురుగులు లేవని, ఇన్ఫెక్షన్ తగ్గిందని తేలాక కూడా ఏడాది పొడవునా ఒకేలా దురద ఉండి, చెవులు, పాదాలు, ఆసనం చుట్టూ ఎక్కువగా ఉండి, విరేచనం కూడా మెత్తగా అవుతుంటే తిండి అలర్జీని పరీక్షించాలి. కుక్కల్లో ఎక్కువగా కనిపించేవి గొడ్డుమాంసం, పాల పదార్థాలు, చికెన్, గోధుమ, మటన్. తిండి అలర్జీకి రక్త పరీక్షను నమ్మలేం. ఉన్న దారి ఒక్కటే, ఎనిమిది వారాల పథ్యం. ఆ ఎనిమిది వారాలూ పిల్ల ఎప్పుడూ తినని మాంసకృత్తు గానీ, డాక్టర్ రాసిన హైడ్రోలైజ్డ్ ఆహారం (మాంసకృత్తుల్ని అలర్జీ రానంత చిన్న ముక్కలుగా విరిచి చేసేది) గానీ తప్ప నోట్లోకి ఏమీ పోకూడదు. పెరిగే పిల్లకు ఇంట్లో వండిపెడితే కాల్షియం లెక్క తప్పి ఎముకలు దెబ్బతింటాయి కాబట్టి హైడ్రోలైజ్డ్ ఆహారమే మేలు. ఖరీదే, కానీ ఎనిమిది వారాలే.

పథ్యం చెడేది గిన్నెలో కాదు, టీ టైంలో. తాతగారు టీలో ముంచి ఇచ్చే ఒక్క బిస్కెట్‌లో గోధుమా, పాలూ రెండూ ఉంటాయి. అన్నంలో కలిసిన చుక్క నెయ్యి, పని మనిషి ప్రేమగా పెట్టిన చపాతీ ముక్క, నమిలే కర్రలు, మాంసం రుచి కలిపిన మాత్రలు, అన్నీ లెక్కే. ఫ్రిజ్ మీద కాగితం అంటించి అందరికీ చెప్పండి. అంకె తగ్గితే పాత తిండి మళ్ళీ పెట్టి చూడాలి. రెండు వారాల్లోపు దురద తిరిగొస్తేనే తిండి అని రూఢి అవుతుంది.

ఇదీ కాదని తేలితే మిగిలేది వాతావరణ అలర్జీ, అంటే ముందు చెప్పిన దుమ్ము, పుప్పొడి అలర్జీ. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, పగ్, షిట్జూ, జర్మన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఎక్కువ. దీనికి ప్రత్యేకమైన ఒక్క పరీక్ష లేదు, మిగతావన్నీ కొట్టేస్తేనే ఈ పేరు పెడతారు. పూర్తిగా పోదు, డాక్టర్ సాయంతో అదుపులో ఉంచుకోవాలి.

పళ్ళు వస్తున్నందుకు కొరుక్కుంటోందా?

నాలుగు నుంచి ఏడు నెలల మధ్య పాల పళ్ళు ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు చెప్పులు, కుర్చీ కాళ్ళు కొరుకుతుంది. తన పాదాన్నే కొరుక్కుంటే మాత్రం పళ్ళ మీద నెట్టేయకండి. ఒంటరిగా రోజంతా ఉండే పిల్లలు విసుగుతో కాళ్ళు నాక్కుంటాయి. మీరు ఆడుకుంటుంటే పూర్తిగా ఆపేస్తే, చర్మం మీద ఎర్రదనం ఏమీ లేకపోతేనే విసుగు అనుకోండి.

కారణం తేలేలోపు పుండు పెద్దది కాకుండా నాక్కోకుండా మెడకు గరాటులాంటి కోన్ వేయండి, గోళ్ళు కత్తిరించండి, ఎర్రగా ఉన్న చోట చల్లటి తడిగుడ్డ ఐదు నిమిషాలు ఉంచండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు మార్చితే దేనివల్ల తగ్గిందో తెలియదు.

మల్లికి రెండో మాత్ర వేసిన వారానికి మా నోట్‌బుక్‌లో అంకె 9 నుంచి 3కి వచ్చింది. నెలన్నరకు మోచేతుల మీద మెత్తటి కొత్త బొచ్చు మొలిచింది. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున మాత్ర వేసి క్యాలెండర్ మీద చుక్క పెడతాం. ఆ రోజే మా అమ్మ దాని చెవి అంచులు వేళ్ళతో తడిమి చూస్తుంది.